కొండల్లేని ఊళ్ళో ఫోర్ వీల్ జీపు

మా ఊళ్ళో కొండ మాట అటుంచండి, చెప్పుకోదగ్గ మెరక కూడా లేదు. ఊరంతటికీ ఎత్తయిన చోటు ఏటిగట్టే. అలాంటి ఊళ్ళో నీకు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ జీపెందుకయ్యా అని అడగనివాడు పాపాత్ముడు. పోయిన కార్తీకంలో దాని ట్రాన్స్‌ఫర్ కేసు పోయింది. ఇంజను శక్తిని ముందు వెనక ఇరుసులకి పంచే పెట్టె అది. దాన్ని మార్చడానికి నేను నెల రోజులు తిరిగిన తిరుగుడు చూశాక, ఆ అడిగేవాళ్ళే సలహాలు కూడా మొదలెట్టారు. టూ వీల్ చేసి పారేయమని కొందరు. కొత్త రకం బాక్సు దింపమని మా బావ. జీపు అమ్మేసి ట్రాక్టరుకి ఇంకో ట్రక్కు కొనుక్కోమని మా ఆవిడ. నేను ఇవేవీ చెయ్యలేదు. పోయినదాని జాగాలో అదే రకం పాత బాక్సు వెతికి తెచ్చి పెట్టించాను. మొండితనం కాదా అంటే కొంత మొండితనమే. కానీ దాని వెనక లెక్క కూడా ఉంది.

జీపు మా నాన్నగారిది, మహీంద్రా 540. ఆ మోడల్ 1985లో ప్యూజో డీజిల్ ఇంజనుతో వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలో మా అరటి తోట ఒక్క చెట్టు మిగలకుండా పోయింది. ఒండ్రు మేట వేసిన ఆ నేలలోనే మళ్ళీ పిలకలు నాటి, వచ్చిన మొదటి పెద్ద పంట డబ్బుతో నాన్నగారు జీపు కొన్నారు. అప్పటినుంచి దాని పని ఒక్కటే. లంకలో గెలలు ఎత్తుకోవడం, పాయ దాటడం, ఏటిగట్టు ఎక్కడం, రావులపాలెం మార్కెట్లో దింపడం. ఇందులో కష్టమైనది ఏటిగట్టు ఎక్కడమే. మిగతాదంతా ఎడ్లబండి కూడా చేసేది.

ఆ గట్టు మీదే జరిగింది. పొద్దున్న ఆరున్నర అవుతోంది, మంచు పడి రేవు బాట నూనె రాసినట్టుంది. వెనక అరవై గెలల దాకా ఉన్నాయి. ఫోర్ వీల్ కలిపి, లో గేరులో వేసుకుని ఎక్కుతున్నాను. ఆ లో లివరు అప్పటికి ఏడాదిగా జారిపోతూనే ఉంది. నేను చేసిన వైద్యం ఏమిటంటే, సైకిల్ ట్యూబు ముక్కతో లివరుని సీటు కాడకి లాగి కట్టడం. సగం గట్టు ఎక్కాక ట్యూబు తెగింది. లివరు ఠక్కున న్యూట్రల్లోకి వచ్చేసింది. ఇంజను గీపెట్టింది, చక్రాలకి మాత్రం ఏమీ అందలేదు. బండి వెనక్కి జారడం మొదలైంది. హ్యాండ్ బ్రేకు లాగాను. అది పట్టలేదు. కాలి బ్రేకు మీద నిలబడితే చక్రాలు ఆగాయి గానీ, బండి ఇంకో రెండు బారలు జారి, అడ్డంగా తిరిగి, రేగు పొదలో ఆనుకుని ఆగింది. గెలలు సగం కింద. నాతో ఉన్న కుర్రాడు దిగి, "బాగానే ఉన్నామా అండి?" అని నన్నే అడిగాడు.

హ్యాండ్ బ్రేకు ఎందుకు పట్టలేదన్నది మేస్త్రి బండి కిందికి దూరిన రెండో నిమిషంలో తేలింది. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి, వెనక ఇరుసుకి శక్తి మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదలయ్యే చోట ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది, అదే హ్యాండ్ బ్రేకు. బాక్సు వెనక సీలు కారితే ఆ ఆయిల్ నేరుగా డ్రమ్ములోకే పోతుంది. మా డ్రమ్ము విప్పితే బ్రేకు షూలు పచ్చడి జాడీలోంచి తీసినట్టు నానిపోయి ఉన్నాయి. లో గేరు జారడానికీ, హ్యాండ్ బ్రేకు పట్టకపోవడానికీ మూలం ఒకే పెట్టె. నేను ఏడాదిపాటు వాటిని రెండు వేరు వేరు జబ్బులనుకుని, ఒకదానికి ట్యూబు కట్టాను, ఇంకోదానికి కేబుల్ బిగించుకుంటూ వచ్చాను.

ఇంతకీ ఈ ట్రాన్స్‌ఫర్ కేసు ఏమిటో తెలియనివాళ్ళకి ఒక మాట. మా మేస్త్రి దాన్ని చిన్న బాక్సు అంటాడు. పెద్ద గేరు బాక్సు వెనకాల అతుక్కుని ఉంటుంది. గేరు బాక్సులోంచి వచ్చిన శక్తిని వెనక ఇరుసుకీ, కావాలంటే ముందు ఇరుసుకీ పంచుతుంది. దానికి రెండు లివర్లు. ఒకటి ముందు చక్రాలు కలపడానికి, ఇంకోటి హై, లో మార్చడానికి. లోలో వేస్తే గేరు బాక్సు వైపు షాఫ్టు దాదాపు రెండున్నర చుట్లు తిరిగితే చక్రాల వైపు షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. లెక్కగా చెబితే 2.46. వేగం అన్ని వంతులు తగ్గుతుంది, లాగే బలం అన్ని వంతులు పెరుగుతుంది. ఇంకో విశేషం, ముందు చక్రాలు కలపకుండా లో పడదు. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీద పడితే అది తట్టుకోలేదని, పడకుండా లోపలే అడ్డం పెట్టారు. 1941 నాటి విల్లీస్ జీపులో వాడిన స్పైసర్ 18 అనే పెట్టె వంశమిది. విల్లీస్ జీపుల్ని 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలెట్టిన మహీంద్రా వాళ్ళు దశాబ్దాల పాటు ఇదే వంశాన్ని నడుపుకొచ్చారు. ఇందులో గొలుసులు లేవు, సెన్సర్లు లేవు. ఇనప పెట్టెలో ఇనప పళ్ళ చక్రాలు, అంతే.

మా పెట్టె అడుగు మూత విప్పినప్పుడు వచ్చింది ఆయిల్ కాదు, పాలెక్కువైన టీ. నీళ్ళు కలిసిన గేరు ఆయిల్ అలాగే ఉంటుంది. పాయ దాటేటప్పుడు వేడెక్కిన పెట్టె ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునుగుతుంది. లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీళ్ళ సందుల్లోంచి నీళ్ళని పీల్చుకుంటుంది. ఏడాదికి ఎన్నిసార్లు దాటుతామో లెక్క వేయలేదు గానీ, ఆయిల్ ఎన్నిసార్లు మార్చానో చెప్పగలను. ఆరేళ్ళలో ఒక్కసారి. మధ్య గేరు తిరిగే షాఫ్టు తీసి మేస్త్రి నా చేతిలో పెట్టి, "గోరుతో గీసి చూడండి" అన్నాడు. గోరు దిగబడింది. సూది బేరింగుల గుర్తులు నాగటి చాళ్ళలా పడి ఉన్నాయి. షాఫ్టు కొత్తది వేయొచ్చు, గేర్లు వేయొచ్చు. కానీ ఆ షాఫ్టు కూర్చునే పెట్టె రంధ్రమే కోడిగుడ్డు ఆకారంలోకి అరిగింది. లేతు మీద బోరు చేసి బుష్షు కొట్టొచ్చు గానీ, గ్యారంటీ ఇవ్వనన్నాడు.

"బాక్సు దానంతటది పోలేదండి. మీరు పోగొట్టారండి," అన్నాడు, ఆయ్ అని చివర తగిలించి. కోపం వచ్చింది. ఆ మాట సంగతి తర్వాత చెబుతాను.

ముందు టూ వీల్ సలహా చూద్దాం, ఎక్కువమంది ఇచ్చింది అదే. "కొండలా గుట్టలా, వెనక చక్రాలు చాలవూ?" వినడానికి బాగానే ఉంటుంది. కానీ ట్రాన్స్‌ఫర్ కేసంటే ఫోర్ వీల్ మీట మాత్రమే అనుకునేవాళ్ళ మాట ఇది. వెనక చక్రాలకి పోయే శక్తి కూడా దాంట్లోంచే పోవాలి. అది తీసేస్తే గేరు బాక్సు వెనక భాగం మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడుగు చేయించాలి, హ్యాండ్ బ్రేకుని ఇంకెక్కడికో తరలించాలి. స్పీడోమీటరు కేబుల్ తగిలేది కూడా ఆ పెట్టెకే, దానికీ ఇంకో దారి చూడాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అక్కడ బ్రేకుల దగ్గర నీళ్ళు నమలడం నాకిష్టం లేదు.

అసలు విషయం ఇంకోటుంది. కొండలున్న చోటికన్నా డెల్టాలోనే లో గేరు ఎక్కువ అవసరమని నా వాదన. ఘాట్ రోడ్డు ఎంత ఎత్తయినా కింద రాయో తారో ఉంటుంది, చక్రం పట్టు దొరికించుకుంటుంది. మాకు కింద ఉన్నది ఒండ్రు. ఎండితే సిమెంటులా ఉంటుంది, తడిస్తే వెన్న. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటాక, నీళ్ళు తీసిన వారానికి మా రేవు బాట మీద పిక్కల లోతున మేట ఉంది. వెన్న లాంటి నేల మీద చక్రం కొంచెం జోరుగా తిరిగిందా, తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. ఇరుసు నేలకి ఆనుతుంది, ఇక ట్రాక్టరు రావాల్సిందే. అలా కాకుండా నాలుగు చక్రాలూ కలిపి, లోలో మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి వదిలేస్తే బండి మనిషి నడకకన్నా నిదానంగా పాకుతూ పోతుంది. ఇంజను ఆగదు, చక్రం జారదు. దిగేటప్పుడూ అంతే. గట్టు దిగుతూ బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుడు బల్ల ఎక్కుతుంది. లోలో వేస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలతో తిరిగేవాళ్ళని అడగండి, వాళ్ళకి తెలుసు. బండి వెడల్పుకీ గట్టు వెడల్పుకీ జానెడు తేడా ఉన్నచోట నిదానం ఎంత ముఖ్యమో.

ట్రాక్టరు మాట మాత్రం తేలిగ్గా కొట్టెయ్యలేను. గెలల మోతే లెక్కయితే ట్రాక్టరే మేలు, నాకు రెండు దఫాలయ్యేది దానికి ఒక్క దఫా. మా ఆవిడ లెక్కలో తప్పు లేదు. కానీ ట్రక్కు తగిలించి, బరువు వేసుకుని, తడి గట్టు నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేవడం నేను కళ్ళారా చూశాను. ఆ దృశ్యం చూసినవాడెవడూ తన పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టడు. పైగా అర్ధరాత్రి అమ్మకి ఆయాసం వస్తే అమలాపురం తీసుకెళ్ళేది ట్రాక్టరు మీదా? కారు కొనుక్కోవచ్చుగా అంటారా, అది మా ఇంట్లో వేరే వాదన. దాంట్లో నేను ఓడిపోతున్నాను కాబట్టి ఇక్కడ ఎత్తను.

బావది భీమవరం. రొయ్యల రైతు, కొత్తదంటే ప్రాణం. "ఇంకా ఆ యుద్ధం నాటి డబ్బా ఏంటి బావా! ఈ కాలం బండిది చెయిన్ టైపు బాక్సు దింపించు, చప్పుడే ఉండదు" అన్నాడు. చెయిన్ బాక్సు మంచిదే. బరువు తక్కువ, మోత తక్కువ. అది పుట్టిన బండిలో దానికి వంక పెట్టలేం. నా జీపులో మాత్రం కుదరదు. కిందికి వంగి చూస్తే మా జీపు వెనక హౌసింగ్‌లో రెండు చక్రాలకీ శక్తి పంచే డిఫరెన్షియల్ గుండు మధ్యలో ఉండదు, కుడి పక్కకి జరిగి ఉంటుంది. పాత బాక్సు షాఫ్టు కూడా కుడి పక్కనుంచే బయటికొస్తుంది, అందుకని రెండూ ఎదురెదురుగా కుదురుతాయి. వెనక షాఫ్టు నడిమధ్యనుంచి వచ్చే బాక్సు పెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికే కాదు, పక్కకి కూడా వంకరపోతుంది. షాఫ్టు కీళ్ళలో ఉండే యూజే క్రాసులు నెలనెలా మార్చుకుంటూ కూర్చోవాలి. లేదా వెనక హౌసింగే మార్చాలి. హౌసింగ్ మారిస్తే పళ్ళ నిష్పత్తి ముందు ఇరుసుతో కలవాలి, కాబట్టి ముందుదీ మార్చాలి. ఇల్లు రంగు వేయిద్దామని మొదలెట్టి పునాది దాకా తవ్వుకున్నట్టు. బావకి ఇదంతా చెబితే "నీకు మార్పంటే భయం" అన్నాడు. భయమే.

అలా విజయవాడ ఆటోనగర్ చేరాను. అక్కడ ఒక వీధిలో ఇంజన్లు, ఒక వీధిలో హౌసింగులు, గుట్టలు గుట్టలుగా. నేను పట్టుకెళ్ళిన ఆయుధాలు మూడు: సుద్దముక్క, టార్చి లైటు, అట్టముక్క. అట్టముక్క మీద మా గేరు బాక్సు వెనక ముఖం అచ్చు తీసుకున్నాను, బోల్టు రంధ్రాలు, నడిమి బేరింగు రంధ్రం సైజు, అన్నీ. పైకి ఒకేలా కనిపించే ఈ బాక్సుల్లో ఆ రంధ్రం సైజులు తేడా ఉంటాయి. ఇంటికొచ్చాక తెలిస్తే ఏడవాల్సిందే. మొదటి రెండు కొట్లలో అట్ట కలవలేదు. మూడో కొట్లో కలిసింది. అప్పుడు సుద్దముక్క తీశాను. ముందు వైపు గేరు మీద ఒక గీత, ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే వెనక ఫ్లాంజి మీద ఒక గీత. లోలో వేసి చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాను. ఫ్లాంజి ఒక చుట్టు తిరిగేసరికి ముందు గేరు రెండున్నరకి కాస్త తక్కువ తిరిగితే మనకి కావలసింది అదే. సరిగ్గా రెండు దగ్గరే ఆగితే పాత మిలిటరీ జీపు పళ్ళు, 1.97. అవీ పనిచేస్తాయి గానీ గట్టు మీద ఆ తేడా తెలుస్తుంది. కొట్టాయన నా లెక్క చూసి నవ్వి, "మాస్టారా మీరు?" అని అడిగాడు. కాదన్నాను. ధర మాత్రం తగ్గించలేదు. రెండెకరాల అరటికి ఒక దఫా ఎరువు పెట్టినంత అయింది.

తెచ్చినదాన్ని తెచ్చినట్టు ఎక్కించొద్దన్నాడు మేస్త్రి. మొత్తం విప్పి, సీళ్ళు, బేరింగులు, మధ్య షాఫ్టు కొత్తవి వేయించాడు. ఇందులో నేను దగ్గర కూర్చుని చూసినదొకటి చెప్పాలి. మధ్య గేరు రంధ్రంలో అగ్గిపుల్లల్లాంటి సూది రోలర్లు వరసగా నిలబడాలి, వాటి నడుమనుంచి షాఫ్టు దూరాలి. గేరుని పెట్టెలోకి దించేలోపు ఒక్క రోలరు పడినా మళ్ళీ మొదటికి రావాలి. మేస్త్రి ముందురోజే ఒక సరుగుడు కర్ర తెచ్చి, షాఫ్టుకన్నా వెంట్రుక వాసి సన్నగా చెక్కి, గేరు పొడుగుకి కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఉంచాడు. గేరు లోపల గ్రీజు పట్టించి, రోలర్లు ఒక్కొక్కటే చూపుడు వేలితో అంటించి, నడుమ ఆ కర్ర దూర్చాడు. ఇక తలకిందులు చేసినా ఒక్కటీ కదల్లేదు. గేరుని అటూ ఇటూ కంచు వాషర్లతో సహా పెట్టెలో దించి, వాషరు ముక్కు పెట్టె గాడిలో కూర్చుందా లేదా అని గోటితో తడిమి చూసి, వెనకనుంచి అసలు షాఫ్టుని సుత్తితో మెల్లగా తడుతూ పంపాడు. షాఫ్టు లోపలికి పోతున్నకొద్దీ సరుగుడు కర్ర ముందునుంచి బయటికి వచ్చింది. గ్రీజు పూసుకుని, బొటనవేలంత, పుట్టిన పిల్లలా. కిందపడిన దాన్ని తీసి తుడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో జీపుకి పనికొస్తుందండి."

ఇప్పుడు, బాక్సుని నేనెలా పోగొట్టానన్న సంగతి. నీళ్ళు కలిసిన ఆయిల్ సగం కారణం. మిగతా సగం తారు రోడ్డు. గట్టెక్కి రోడ్డు మీదకొచ్చాక ఫోర్ వీల్ తియ్యడం నాకు బద్ధకం. రావులపాలెం దాకా అలాగే పోయిన రోజులున్నాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు మీద జారడానికి వీల్లేదు, ఆ బిగువంతా పోయి బాక్సు పళ్ళ మీద కూర్చుంటుంది. లివరు వెనక్కి రాకుండా బిగుసుకుపోవడం చాలామంది చూసే ఉంటారు. నాలుగు గజాలు రివర్సు చేస్తే ఆ బిగువు వదులుతుంది. లాగి పీకితే లోపల గేర్లని జరిపే ఫోర్కు అరుగుతుంది. నేను లాగి పీకే రకం. దీనికి తోడు నాన్నగారి పొదుపు: ముందు కొత్త టైర్లు, వెనక రీట్రెడ్డింగు చేయించినవి. ముందు వెనకల టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా ఆ రెండు ఇరుసులూ బాక్సుని చెరో పక్కకీ లాగుతూనే ఉంటాయి. మేస్త్రి టేపు పెట్టి కొలిచి చూపించాడు. నాన్నగారు పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించారు.

నాలుగూ ఒకే సైజు టైర్లు వేయించాను. బాక్సు ఎక్కింది. తొంభై నంబరు గేరు ఆయిల్ పోసి, బ్రేకు షూలు కొత్తవి వేసి, ఆదివారం పొద్దున్న ఖాళీ బండితో గట్టెక్కాను. ట్యూబు కట్టకుండా. లివరు కదల్లేదు. పైన ఆపి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు మీద వదిలి దిగాను. బండి నిలబడింది. పళ్ళ ఊళ మాత్రం అలాగే ఉంది, అది ఈ బాక్సులకి పుట్టుకతో వచ్చింది. స్పీడోమీటరు ఇప్పుడు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపిస్తోంది, వచ్చిన బాక్సులో స్పీడో గేరు పళ్ళు వేరుగా ఉన్నట్టున్నాయి. అది మార్చేదాకా బావ బండి ఎక్కినప్పుడల్లా ముల్లు చూపించి, యుద్ధం నాటి డబ్బా ఎలా పరిగెడుతోందో చూడు అంటున్నాను.

రోజూ రాత్రి బాక్సు కింద ఒక అట్టముక్క పరుస్తున్నాను, ఆటోనగర్‌కి పట్టుకెళ్ళిన అట్టే. మూడు వారాలు శుభ్రంగా ఉంది. నిన్న పొద్దున్న మాత్రం దాని మీద రూపాయి బిళ్ళంత చుక్క ఒకటి కనిపించింది. వెనక సీలు వైపు కాదు, మధ్య షాఫ్టు వైపు. వేలితో రాసి చూశాను. నల్లగా, చిక్కగా, మంచి ఆయిలే, నీళ్ళు లేవు. మేస్త్రికి ఫోన్ చేశాను. బుధవారం రమ్మన్నాడు.